చెల్లెలి పేరున యేసోబు నెత్తురు

దయ్యాలూ గాలి సోకడాలూ నేను ఏనాడూ నమ్మినవాణ్ణి కాదు. ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేసే ఉద్యోగం నాది. ఎవరేం చెప్పినా ‘ఏదీ, సీసాలో పోసి చూపించు’ అనే రకం. మా ఆవిడ నన్ను మొండిఘటం అనేది. అలాంటి నాకు ఈ ఒక్క సంగతి మాత్రం మింగుడుపడలేదు.

అరవైల నడిమి రోజులు. నరసరావుపేట దగ్గర ఒక మిషన్ ఆసుపత్రిలో పనిచేసేవాణ్ణి. రక్తంలో ఎంజైములు కొలిచే పద్ధతి మాకు అప్పుడే కొత్తగా వచ్చింది. మా డాక్టరమ్మకు దానిమీద మహా గురి.

దాచేపల్లి వైపు నుంచి మరియమ్మ అనే బాలింతను తీసుకొచ్చారు. పక్కలో పోటు, ఆయాసం, దగ్గితే గళ్లలో నెత్తురు. ఊళ్లో అప్పటికే క్షయ అని తేల్చేశారు. ఎక్స్‌రేలో మచ్చ కనబడింది గానీ అది క్షయో, ఊపిరితిత్తిలో రక్తం గడ్డకట్టి అడ్డుపడిందో తెలియలేదు. గడ్డయితే రక్తాన్ని పలచబరిచే ఇంజక్షన్ వెంటనే పడాలి. కాకపోతే, నెత్తురు కక్కే మనిషికి ఆ ఇంజక్షనే విషం. పక్కన పసిగుడ్డు ఏడుస్తోంది.

డాక్టరమ్మ ఎల్.డి.హెచ్. చూడమంది. ఊపిరితిత్తిలో కొంత భాగం చచ్చుబడితే ఈ ఎంజైము రక్తంలో పెరుగుతుంది. ఎస్.జి.ఓ.టి. అనే రెండో ఎంజైము మాత్రం మామూలుగానే ఉంటే, గడ్డ అన్న అనుమానం బలపడుతుంది.

వార్డు నుంచి మరియమ్మ పేరు అంటించిన ట్యూబు వచ్చింది. కుదుపులకు రక్తకణాలు చితికినా ఎల్.డి.హెచ్. ఎక్కువ చూపిస్తుంది. అందుకని ముందు, గడ్డకట్టిన రక్తం పైన తేరే సీరం రంగు చూశాను. ఎర్రజీర లేదు, తేటగా పసుపుపచ్చగా ఉంది. ఎల్.డి.హెచ్. బాగా ఎక్కువ, రెండోది మామూలు. నమ్మకం కుదరక మళ్లీ చేశాను. అదే వచ్చింది. ఇంజక్షన్ మొదలుపెట్టారు.

మర్నాటికి ఆయాసం తగ్గుముఖం పట్టింది. మరియమ్మ వాళ్లన్న యేసోబు, సున్నపురాయి కొట్టే మనిషి, డాక్టరమ్మ ఎదుట చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“నా నెత్తురు ఎక్కిచ్చినందుకేగా అమ్మా, మా చెల్లెలు తేరుకుంది?”

“నీ నెత్తురేమిటి?” అంది డాక్టరమ్మ.

వాళ్లమ్మ అందుకుంది. “బాలింత ఒంట్లో నెత్తురు యాడుందమ్మా తీయటానికి? సూదేదో మావోణ్ణి పొడవమన్నా. ఒక్క కడుపున బుట్టినోళ్లేగా, ఎవురిదైతే ఏంది?”

ఆ వార్డు నర్సు కొత్త పిల్ల. ఎక్కించడానికి గ్రూపు చూస్తారేమో అనుకుని, అన్న చేతిలోంచి తీసి, రోగి పేరు అంటించింది.

అంటే నేను పరీక్షించింది యేసోబు నెత్తురన్నమాట. డాక్టరమ్మ తన ఎదుటే ఇద్దరి రక్తమూ తీయించింది. మరియమ్మకు ఎల్.డి.హెచ్. బాగా ఎక్కువే ఉంది. యేసోబుకు మామూలు. రాళ్లు కొట్టే ఒళ్లు గనక కండరాల శ్రమకు నిన్న పెరిగిందేమో అందామన్నా, రాత్రికి రాత్రి దిగిపోదు. అతని ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. పోనీ ట్యూబులు తారుమారయ్యాయా? నిన్నటి ట్యూబులో మిగిలినదానికి గ్రూపు చూశాను. అది యేసోబు గ్రూపే, మరియమ్మది వేరు. అదే ట్యూబులోని సీరం మళ్లీ పరీక్షిస్తే ఎల్.డి.హెచ్. ఎక్కువగానే వచ్చింది.

నిన్న ఒంట్లో ఎలా ఉండిందని యేసోబును అడిగాను.

“బానే ఉండాను సారూ. సూది గుచ్చేటప్పుడు మాత్రం, దాని రోగం నాకియ్యి ప్రభువా అనుకున్నా. అంతే.”

నేనూ చర్చికి పోయేవాణ్ణే. అయినా ఆ మాట అక్కడే వదిలి బయటికి వచ్చేశాను.

మరియమ్మ బిడ్డనెత్తుకుని తన కాళ్లమీద నడిచే ఇంటికెళ్లింది. పరీక్షలో పొరపాటు ఎక్కడ జరిగిందో ఎవరైనా చూపిస్తారేమోనని ఇన్నేళ్లూ తెలిసిన డాక్టర్లందరినీ అడిగాను. ఎవరూ చూపించలేదు, నాకూ అంతుపట్టలేదు. ఒక్కటి మాత్రం తెలుసు. ఆ రోజు యేసోబు నెత్తురు ఉండవలసినట్టే ఉండి ఉంటే, మేం ఆ ఇంజక్షన్ ఇచ్చేవాళ్లం కాదు. ఆ పసిబిడ్డ తల్లి లేకుండా పెరిగేది.