మా మోతికి కంట్రోల్ వచ్చింది

1973 మే నెల, శుక్రవారం, సాయంత్రం నాలుగు గంటలు. మొదటి షిఫ్టు దిగి క్వార్టర్‌కు వచ్చేసరికి మా కుక్క మోతి ఎదురు రాలేదు. గోడవార పడి ఉంది. నాలుక నల్లబడి వేలాడుతోంది, డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. చెయ్యి వేస్తే ఒళ్లు పెనంలా కాలింది. రోజూ గని దారిలో నాకోసం ఎండలో కూర్చునే కుక్క అది.

నా భార్య రాహేలు దాని మీద బిందెడు నీళ్లు గుమ్మరించింది. బావమరిది దానియేలు రిక్షా తెచ్చాడు. తడి గోనెసంచి మీద పడుకోబెట్టి పశువుల దవాఖానకు తీసుకుపోయాం.

ఆ నెల హైదరాబాద్ నుంచి ఒక డాక్టరు వచ్చి ఉన్నాడు. ఎండదెబ్బ తగిలి చావుబతుకుల్లో ఉన్న కుక్కల మీద పరిశోధనట. థర్మామీటర్ చూసి, "హీట్ స్ట్రోక్. షాక్‌లో ఉంది" అన్నాడు. డబ్బాలో చెయ్యి పెట్టి చీటీ తీశాడు.

"కొత్త మందు మీద పరిశోధన చేస్తున్నాం. మీ కుక్కకు కంట్రోల్ వచ్చింది. సరేనా?"

అప్పటికి నాకు అక్షరం రాదు. మా కాలనీలో కంట్రోల్ అంటే ఒకటే, కంట్రోల్ దుకాణం. రేషన్ కార్డున్న ప్రతి ఇంటికీ బియ్యం, చక్కెర, దీపాలకు గ్యాస్‌నూనె కొలిచి ఇచ్చే చోటు. వచ్చిందంటే మన వంతు దొరికినట్టే. రెండు చేతులెత్తి మొక్కాను.

"నసీబు మంచిగున్నది బావా. కంట్రోల్ల పడ్డది" అన్నాడు దానియేలు.

మోతికి సెలైన్ పెట్టారు. అంతలో గని ఆఫీసు గుమాస్తా రంగారావు తన కుక్క జూలీని మోసుకొచ్చాడు. అదే జబ్బు. దానికీ చీటీ తీశారు, సెలైన్ పెట్టారు, పైగా చిన్న సీసాలోంచి ఇంజెక్షన్ ఇచ్చారు. మా వంతు కోసం చూస్తూ కూర్చున్నాను. పొద్దుగూకుతుంటే లేచి అడిగాను.

"సారూ, మా దాని కోటా ఎప్పుడిస్తరు?"

కాంపౌండర్ యాదగిరి నవ్వాడు. "కాకా, కంట్రోల్ అంటె కొత్త మందు ఇయ్యని కుక్క. ఇచ్చినదానికి, ఇయ్యనిదానికి తేడా చూస్తరు."

డాక్టరు ముందుకు పోయి నిలబడ్డాను. "మందు ఇయ్యం అని ముందే ఒక్క మాట అంటె నీ సొమ్మేం బోతుండె సారూ?"

"చెప్పాను కదా, కంట్రోల్ అని."

"నాకు సమజయ్యేటట్టు చెప్పినవా?"

ఆయన చీటీల డబ్బాకు మూత పెట్టాడు. "ఆ మందు మేలు చేస్తుందో కీడు చేస్తుందో నాకే తెలియదు. తెలిస్తే చీటీ ఎందుకు?"

"గా ముక్కనే ముందుగాల చెప్పాలె."

తెల్లారి మోతి నెత్తురు విరేచనం చేసుకుంది. మూత్రం బందైంది. "కిడ్నీలు దెబ్బతిన్నాయి" అన్నాడు డాక్టరు. ఇక పోతుందనుకున్నాం. పోయింది జూలీ. మోతి మూడోనాడు తోక కదిలించింది. రంగారావు తన కుక్కను గుడ్డలో చుట్టుకుంటూ నా వైపు చూసి, "నీకు కంట్రోల్ వచ్చింది. నీ నసీబు" అన్నాడు.

జూలీని మందు చంపిందో, ఎండే చంపిందో ఎవరూ చెప్పలేదు. డాక్టరు వెళ్లిపోయాడు. ఆయనకేం తేలిందో మాకు ఇప్పటికీ కబురు లేదు.

మోతి ఆ తర్వాత రెండేళ్లు మంచం కిందే బతికింది. ఎండపొడ చూస్తే వణికేది. బతికింది కదా, ఇంకేం కోపం అంటారు జనం. బతికింది చీటీ దయ. చెప్పడం మాత్రం మనిషి చేతిలో పని, అది ఆయన చెయ్యలేదు.

తర్వాత రాత్రిబడిలో అక్షరాలు నేర్చాను కాబట్టి ఇది రాస్తున్నాను. ఇప్పుడింకో కుక్క ఉంది. వేసవిలో దానికి పగలంతా నీడన గొలుసు వేస్తాను, నాకిష్టం లేకపోయినా. మీకు చెప్పేది ఒకటే. దవాఖానలో తెలిసిన మాట వినబడ్డా తెలిసిందే అనుకోవద్దు. "ఇస్తవా, ఇయ్యవా" అని అడగండి.

ఆ రోజు అక్కడున్నది నేను, రాహేలు, దానియేలు, యాదగిరి, రంగారావు, జూలీ, మోతి. డాక్టరూ ఉన్నాడు. ఆయన పేరు మాకు చెప్పలేదు. కుక్కల పేర్లు ఆయన అడగలేదు.