తెల్లంగి మీద రాసిన కేస్ షీటు

ఆ రోజుల్ల తెలంగాణ రావాలంటే ఎవరి చేతుల ఉన్నది వాళ్ళు కింద పెట్టాలని గట్టిగ నమ్మినం. బస్సు డ్రైవర్లు స్టీరింగు వదిలిన్రు, పంతుళ్ళు చాక్‌పీసు వదిలిన్రు. మానుకోట దిక్కు ఒక చిన్న సర్కారు దవాఖానల అప్పుడే చేరిన డాక్టర్ని, నా చేతుల ఏమున్నది, పెన్ను తప్ప? గేటు ముందటి టెంటుల మైకు అందుకుని "పానం పోయినా పెన్ను ముట్టను" అని అందరికన్న ముందు నేనే ఎగిరిన. (ఎవరి పానమో ఆ ఊపుల సోచాయించలే.) రోగుల్ని చూస్తం, సూదులిస్తం, కట్లు కడతం, కాగితం మీద మాత్రం ఒక్క ముక్క రాయం, ఇదీ మా తీర్మానం. మా ల్యాబ్ టెక్నీషియన్‌ను మైకన్న అనేటోళ్ళం, మైకు ఆయన చేతికి పోతే మళ్ళ ఎవరికీ రాదు కాబట్టి. ఆయన అందరి పెన్నులు గుంజుకుని బీరువల పెట్టి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నడు. రాసుడు లేకపోతే డాక్టరు పని ఇంత హాయిగ ఉంటదని నాకు అప్పుడే తెలిసింది.

ఒక పొద్దటిపూట బయ్యారం దిక్కు తండా నుంచి ఒకాయన తమ్ముణ్ణి బండి మీద కూసోబెట్టుకుని తెచ్చిండు. పత్తి చేన్ల రక్తపింజర గరిసిందట. విరుగుడు మందు ఎక్కియ్యంగనే పిలగాని ఒళ్ళంత దద్దుర్లు లేచినయి, ఊపిరి ఆడలే. మందు ఆపి, వేరే సూదిచ్చి, మళ్ళ చుక్కచుక్కగ ఎక్కిస్తే తేరుకున్నడు. మూత్రం ఎర్రగ వస్తుందంటే కిడ్నీల సంగతి చూడాలె, వరంగల్ పెద్దదవాఖానకు పంపాలె. అంబులెన్సు వచ్చి నిలబడ్డది.

"రాసియ్యి బిడ్డా," అన్నది మా హెడ్‌నర్సు పెద్దక్క. "గిట్ల మందు పడలేదని ఆడ తెల్వకుంటే మళ్ళ గదే జోరుతోని ఎక్కిస్తరు. ఈడ బతికినోడు ఆడ పోతడు."

ఒప్పుకుని తాళంచెవి ఇయ్యమని మైకన్న కాడికి మనిషిని పంపితే, రోడ్డు మీద వంటావార్పు కాడ ఎక్కడున్నడో దొరకలే. వరంగల్‌కు ఫోను కలవలే. నోటితోనే చెప్పి పంపుదామని వాళ్ళ అన్నను నిలబెట్టి అంతా వివరించి, "ఆడికి పోయి ఏం చెప్తవు?" అని అడిగిన.

"సూదిచ్చిన్రని చెప్త."

"ఏం సూది?"

ఆయన జర ఆలోచించి, "పెద్ద సూది," అన్నడు.

అప్పుడు నా కండ్లు పుండ్లకు పూసే ఊదారంగు మందు సీస మీద పడ్డయి. అగ్గిపుల్లకు దూది చుట్టి ముంచిన. పెద్దక్క కాగితం ఇయ్యబోతే, "తీర్మానంల కాగితం కూడ ఉన్నదక్కా," అన్న. నాకే పిచ్చి పట్టిందన్నట్టు ఆమె చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలే. గొడవంతా చూస్తున్న ఆ అన్న, "అంగి మీద రాయి డాక్టరమ్మా, ఆడిదాంక నేను పోతనే ఉన్న గద," అని వీపు తిప్పిండు. తెల్లంగి. ఏం గరిసింది, ఏమెక్కిచ్చినం, ఎట్ల తిరగబడ్డది, ఏ సూదితోని నిలబడ్డడు, అంతా మెడ కాడికెల్లి నడుము దాంక రాసిన. సంతకం కాడ జై తెలంగాణ అని పెట్టిన. (సంతకం పెన్నుతోనే చెయ్యాలె గద.)

వాళ్ళు పోయినంక నాకు అన్నం దిగలే. చెమటకు మందు చెదిరితే? ఎవడన్న అంగి ఇప్పుమంటే? రోజూ పెద్దక్కను అడుగుడే, ఆమె తెల్వది బిడ్డా అనుడే.

సమ్మె అయిపోయినంక అన్నదమ్ములిద్దరు వచ్చిన్రు. తమ్ముడు తన కాళ్ళ మీద నడుచుకుంట వచ్చిండు. నాకు ఏడుపే వచ్చింది. "ఆడ నన్ను కూసోనియ్యలేదు డాక్టరమ్మా," అన్నడు అన్న. "ఒకలెనక ఒకలు వచ్చి వీపు చదివిన్రు. తమ్మునికంటె నన్నే ఎక్కువ చూసిన్రు." ఒంటి మీద గదే అంగి. పెన్నులు బీరువలకెల్లి బయటికొచ్చినయి గద, నేను మంచి కాగితం తీసి, ఇతనికి ఆ మందు పడదని అందంగ రాసి, సంతకం చేసి, ముద్రేసి ఇచ్చిన. ఇగ అంగి ఉతుక్కోమన్న.

ఆయన కాగితాన్ని అటు ఇటు తిప్పి చూసి జేబుల పెట్టుకున్నడు. "ఉతికిన డాక్టరమ్మా, మూడుసార్లు ఉతికిన, పోలే," అన్నడు. "గీ కాగితమే, వానకు తడిస్తే పోతది."

తెలంగాణ వచ్చింది, నా తల నెరిసింది. ఇప్పుడు అన్నీ కంప్యూటర్లనే కొడుతున్న. కరెంటు పోయి తెర నల్లబడ్డప్పుడల్ల మైకు పట్టుకుని ఎగిరిన ఆ పోరి యాదికొస్తది, కోపం రాదు, ముద్దొస్తది.