చిరునామాల అత్త

మా ఊరి స్టేషన్ చిన్నది. రెండు పట్టాలు, ఒక ప్లాట్‌ఫారం, టికెట్ల కిటికీ, వెయిటింగ్ రూము, చివర్న రేకుల కప్పు కింద పార్సిల్ గది. ఒకప్పుడు రోజుకి ఆరు బళ్లు ఆగేవి. పాల క్యాన్లు, కోడిపిల్లల బుట్టలు, సైకిళ్లు, ఇల్లు మారేవాళ్ల మంచాలూ కుర్చీలూ, ఊళ్లోంచి బయటికి పోయేది ఏదైనా ఆ గది గడప దాటాల్సిందే. గడప పక్కనే, తూకం యంత్రానికి ఆనుకుని మా మేనత్త కూర్చునేది.

మామయ్య అక్కడే హమాలీగా చేసేవాడు. ఇనప్పెట్టె మీద పడి నడుం విరిగింది. రెండేళ్లు మంచాన ఉండి కన్నుమూశాడు. అప్పుడు పార్సిల్ గుమాస్తా జాలిపడి అత్తకి మూటలు కుట్టే పని ఇప్పించాడు. గోనెగుడ్డని దబ్బనంతో కుట్టి, కుంచెని నల్లరంగులో ముంచి పైన చిరునామా రాయాలి. పంపేవాళ్లు ఇచ్చిన చీటీని మోకాలి కింద నొక్కిపెట్టి, చూసి రాసేది. అలా ఇరవై రెండేళ్లు రాసింది.

“అక్కా, లోపలున్న సరుకు కంటే పైనున్న నీ అక్షరాలే ఖరీదు. నీ రాత చూస్తే నా చేతికి సిగ్గేస్తోంది,” అనేవాడు గుమాస్తా.

“నీ రాత చదవాలంటే ఆ బుట్టలో కోడిపిల్లల్నే పిలవాలిలే,” అనేది అత్త.

లారీలు వచ్చాక మూటలు పలచబడ్డాయి. ఆరు బళ్లు రెండయ్యాయి. ఒక సోమవారం పార్సిల్ గది మూసేస్తున్నట్టు కాగితం వచ్చింది. గుమాస్తాకి బదిలీ అని అందులోనే ఉంది. అత్త రైల్వే మనిషి కాదు కనుక ఆ కాగితంలో ఆమె ఊసే లేదు.

స్టేషన్ మాస్టరు మంచివాడు. వెయిటింగ్ రూము చూసుకోవడానికి మనిషిని తీసుకుంటున్నారని తెలిసి అత్త కోసం మాట్లాడాడు. “దరఖాస్తు మీ సొంత దస్తూరీతో ఉండాలటమ్మా. మీ రాత గురించి గొప్పగా చెప్పి వచ్చాను,” అంటూ తనే ఒక చిత్తుప్రతి రాసిచ్చాడు. “దీన్ని తెల్లకాగితం మీదికి ఎక్కించండి, చాలు.”

ఆ పని దొరికితే స్టేషన్ వెనక అద్దె గదిలో తన బతుకు తను బతుకుతుంది. దొరక్కపోతే మా ఇంటికి రావాలి. “మీ అమ్మ మంచిదేనే. కానీ ఇంకొకరి వంటింటి ముందు నిలబడి ఆకలేస్తోందని చెప్పడం నాకు చేతకాదు,” అంది నాతో.

పరీక్షలకి చదువుకోవడానికి నేను అప్పట్లో అత్త గదికే వెళ్లేదాన్ని. ఆ సాయంత్రం మూడు కాగితాలు పాడుచేసి నాలుగోది నా ముందు పెట్టింది.

“చూడవే, బాగుందా?”

పుస్తకంలోంచి తలెత్తాను. అచ్చు గుద్దినట్టున్న వరుసలు. “చాలా బాగుందత్తా,” అన్నాను. అక్షరాలు చూశాను. చదవలేదు.

శుక్రవారం పైనుంచి అధికారి వచ్చాడు. తోడుగా నేనూ వెళ్లి మాస్టరు గది గుమ్మం దగ్గర నిలబడ్డాను. అధికారి దరఖాస్తు అందుకుని, రాత చూసి తలూపి, పైకే చదవడం మొదలుపెట్టాడు.

“‘అయ్యా, నేను, ఇక్కడ మీ పేరు వేసుకోండి, ఈ ఊరి నివాసిని...’ ఏంటమ్మా ఇది? నాతో వేళాకోళమా?”

సంతకం చోట కూడా అంతే పొందికగా ‘ఇక్కడ సంతకం చెయ్యాలి’ అని ఉంది.

మాస్టరు ముఖం పాలిపోయింది. “చిత్తుప్రతి నాదే సార్. తొందర్లో పొరపాటు పడ్డట్టున్నారు.”

“సరే, పేరు ఇప్పుడు రాయమనండి.” అధికారి పెన్ను అందించాడు. గొంతులో విసుగే తప్ప కక్ష లేదు.

అత్త పెన్ను తీసుకుంది. కాగితం సరిచేసుకుంది. గోడ మీది బోర్డుల వైపు ఒకసారి చూసి, మళ్లీ తల దించుకుంది.

“చీటీ మీద రాసివ్వండి సార్. ఇట్టే రాసేస్తాను,” అంది.

అధికారి గొంతు తగ్గించి అన్నాడు: “టికెట్ చదివి లోపలికి పంపాలమ్మా. ఫిర్యాదుల పుస్తకం చూసుకోవాలి. నన్నేం చెయ్యమంటారు, చెప్పండి?” కాగితం మడిచి ఆమె చేతికే తిరిగిచ్చాడు.

దారిలో ఉండబట్టలేక అడిగాను. “అన్ని వేల పేర్లు రాశావు కదత్తా, నీ పేరొక్కటైనా...”

“నా పేరున ఎవరైనా మూట పంపితే కదే, నాకు తెలిసేది.”

కొంత దూరం నడిచాక మళ్లీ అంది. “చదువుకున్నదానివి, బాగుందన్నావు. నమ్మాను.”

తిట్టినా బాగుండేది.

నెలాఖరుకి గది ఖాళీ చేసి మా ఇంటికి వచ్చేసింది. అక్షరాలు నేర్పుతానని నోటుపుస్తకం తెచ్చాను. “ఇప్పుడెవరికి రాయాలిలే,” అని పక్కన పెట్టేసింది.

అన్నాల దగ్గర అమ్మ గిన్నె పట్టుకుని, “ఇంకాస్త వెయ్యనా వదినా?” అని అడుగుతుంది. కంచంలో ఇంకా ఏమీ పడకముందే అత్త చెయ్యి అడ్డం పెట్టి, చాలంటుంది.