పదకొండు సెకన్ల నిద్ర

కాలేజీలో అందరూ ఆవిణ్ణి ల్యాబ్ అక్క అనే పిలుస్తారు. వయసు నలభై ఆరు. మూడో అంతస్తులో, పద్నాలుగు కంప్యూటర్లున్న ఎడిటింగ్ ల్యాబ్‌కి ఆవిడే దిక్కు. ఉద్యోగం ల్యాబ్ అసిస్టెంట్. అంటే పాఠం చెప్పడానికి లేదు, మార్కులు వెయ్యడానికి లేదు. హార్డ్ డిస్క్ పోతే మాత్రం తిట్లన్నీ ఆవిడకే.

ఇక్కడికి రాకముందు తొమ్మిదేళ్లు ఒక వీడియో షాపులో పని చేసింది. అక్కడ ఎడిటింగ్ అనరు, మిక్సింగ్ అంటారు. పెళ్లి వీడియోల మిక్సింగ్. ఒకసారి అలాంటి ఒక వీడియోలో, హాలు వెనకాల మెట్ల దగ్గర ఓ పదిహేడేళ్ల పిల్ల ఎవరో కుర్రాడి చెయ్యి పట్టుకుని ఏడుస్తూ కనిపించింది. కెమెరా అటుగా తిరుగుతూ నాలుగు క్షణాలు వాళ్ల మీద ఆగింది. తీసేద్దామా అని ఆవిడ అడిగితే షాపు యజమాని, "మనకెందుకమ్మా? ఉన్నది ఉన్నట్టు ఇచ్చెయ్" అన్నాడు. ఇచ్చేసింది. చుట్టాలంతా కూర్చుని చూశారట. నెల తిరక్కుండా ఆ పిల్ల చదువు మానిపించేశారు. ఆ పిల్ల అక్క షాపుకొచ్చి, "ఇన్నిసార్లు ముందుకీ వెనక్కీ తిప్పి చూస్తారే, మీలో మనిషన్నవాళ్లు ఒక్కరూ లేరా?" అని అడిగి వెళ్లిపోయింది. కంప్యూటర్ వెనక కూర్చున్న ఆవిడ తలెత్తలేదు. ఆ మాటని ఇప్పటికీ మర్చిపోలేదు.

ఇక జరిగిన సంగతికి వస్తాను.

ఆ రోజు చివరి సంవత్సరం పిల్లల మ్యూజిక్ వీడియోల ప్రదర్శన. సాయంత్రం నాలుగింటికి కింద పెద్ద హాల్లో వేస్తారు. మూడున్నరలోపు వీడియో హాలు ఆపరేటర్ చేతికి అందాలి, లేకపోతే ఆ జట్టుకి సున్నా. నాలుగు జట్లు ముందురోజే ఇచ్చేశాయి. మిగిలింది ఒక్కటే, ముగ్గురు పిల్లల జట్టు. దాని దర్శకుణ్ణి క్లాసంతా కట్ అంటుంది. క్యాంటీన్లో ఎవరైనా పెద్దగా నవ్వినా 'కట్' అని అరిచే రకం. కెమెరా పట్టింది స్టాండు. పేరుకు తగ్గట్టే పొడుగ్గా, సన్నగా, కదలకుండా నిలబడతాడు. పాట రాసి పాడింది మైనా. ఎప్పుడూ నిద్రపోని ఊరి గురించి ఆ పాట. "కన్ను మూయని ఊరికి కాస్త జోల పాడనా" అని పల్లవి.

పన్నెండున్నరకి కట్ గర్వంగా పిలిచాడు. "అక్కా, ఒక్కసారి చూడండి. పొద్దున్నే ఎక్స్‌పోర్ట్ కొట్టి పూర్తి వీడియో ఫైలు కూడా తయారుచేసేశాను. ఎందుకైనా మంచిదని పెన్ డ్రైవ్‌లో వేసుకున్నాను. చిన్న రంగు సవరణ ఉంది, అంతే."

ఆవిడ వెనక నిలబడి చూసింది. బాగుంది. నిజంగా బాగుంది. బస్సులు, సిగ్నల్ దీపాలు, లాండ్రీలో తిరిగే మిషన్లు, అన్నీ తాళానికి సరిగ్గా పడ్డాయి. రెండోసారి పల్లవి మొదలయ్యేసరికి పాట ఒక్కసారిగా నెమ్మదించింది. మైనా గొంతు ఒక్కటే మిగిలింది. తెర నిండా గేటు బాబాయ్.

గేటు బాబాయ్ అంటే కాలేజీ వాచ్‌మన్. కుర్చీలో వెనక్కి వాలి, టోపీ ఒళ్లో పెట్టుకుని, నోరు కొద్దిగా తెరుచుకుని గాఢంగా నిద్రపోతున్నాడు. వెనకాల కాలేజీ బోర్డు, గేటు, పక్కన గోడ గడియారం. టైము మధ్యాహ్నం మూడుంబావు. పదకొండు సెకన్ల షాటు.

"ఇదీ మా వీడియోకి గుండెకాయ," అన్నాడు కట్.

"ఆయనకి తెలుసా?"

"తెలిస్తే నిద్రపోతాడా అక్కా!" అని స్టాండు నవ్వాడు. తర్వాత ఆవిడ మొహం చూసి నవ్వు ఆపేశాడు.

బాబాయ్ భార్యకి వెన్నెముక ఆపరేషన్ అయి రెండు నెలలైంది. మంచం దిగలేదు. తెల్లారుజామునే లేచి వంట, బట్టలు, ఆవిడకి స్నానం, అన్నీ చేసి ఆయన డ్యూటీకి వస్తాడు. ఈ సంగతి ఒకసారి మెట్ల దగ్గర ల్యాబ్ అక్కతో తప్ప ఎవరితోనూ చెప్పుకోలేదు. డ్యూటీలో నిద్రపోతే సెక్యూరిటీ కంపెనీ వాళ్లు ఆ రోజే ఇంటికి పంపేస్తారు. కిందటేడు వెనక గేటు వాచ్‌మన్‌ని ఎవరో ఫోన్లో ఫోటో తీసి పంపితే అలాగే పంపేశారు. ఇవాళ్టి ప్రదర్శనకి ఆ కంపెనీ సూపర్‌వైజర్ వస్తున్నాడు, హాలు బందోబస్తు ఏర్పాట్లన్నీ అతనివే.

ఇదంతా ఆవిడ చెప్పింది. మైనా చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. కట్ మాత్రం కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

"అయ్యో పాపమే అక్కా. కానీ మేము అబద్ధం తియ్యలేదుగా? ఉన్నదే తీశాం."

"ఉన్నదే. ఎవరు కాదన్నారు? ఆ ఉన్నదానికి నీకు మార్కులొస్తాయి, ఆయనకి ఉద్యోగం పోతుంది."

"ఆ షాటు తీస్తే పాట మధ్యలో గొయ్యి పడుతుంది. ఇప్పుడు దాన్ని దేనితో పూడ్చమంటారు? టైము చూడండి! నాలుగు నెలల కష్టం అక్కా ఇది. మీరు మార్కులు వేసేవాళ్లు కూడా కాదు..."

అనేసి నాలుక కరుచుకున్నాడు. ముగ్గురూ భోజనానికి వెళ్లిపోయారు.

ల్యాబ్ ఖాళీ. ఆ సిస్టమ్ పాస్‌వర్డ్ ఆవిడ దగ్గరుంది. కూర్చుని మౌస్ పట్టుకుంది. షాట్లన్నీ వరసగా పేర్చిన టైమ్‌లైన్ మీద ఆ షాటు ఒక నీలం రంగు ముక్క, అంతే. ఒక్క మీట నొక్కితే పోతుంది. వేలు ఆ మీట దాకా వెళ్లింది. ఇంకొకళ్ల పనిని వాళ్లకి తెలియకుండా ముట్టుకోకూడదని ఏటా పిల్లలకి చెప్పేది తనే. పోనీ నియమాన్ని పక్కన పెట్టినా, వాళ్లు తిరిగొచ్చి వెనక్కి తెచ్చుకోవడం ఎంతసేపు? పొద్దుటి వీడియో వాళ్ల జేబులోనే ఉందాయె. మౌస్ వదిలేసి లేచింది.

ఒకటిన్నరకి వాళ్లు తిరిగొచ్చారు.

"నేను తీయను, తీయమని చెప్పే అధికారమూ నాకు లేదు," అంది ఆవిడ కట్‌తో. "ఒక్క పని చెయ్యి నాయనా. కిందికెళ్లి ఆయన్నే అడుగు. 'బాబాయ్, నువ్వు నిద్రపోతుంటే తీశాం, నలుగురిలో వెయ్యమంటావా' అని అడుగు. సరే అంటే వేసుకో. మళ్లీ మాట్లాడను."

"అడుగుతాను," అన్నాడు కట్ మొండిగా. "అడగడానికి భయమా నాకు?"

ఆవిడ కిటికీ దగ్గర నిలబడింది. కట్ గేటు దాకా వెళ్లడం కనిపించింది. బాబాయ్ లేచి నిలబడ్డాడు. ఏదో మాట్లాడుకున్నారు. బాబాయ్ టోపీ సర్దుకుంటూ నవ్వాడు. కట్ తల ఊపాడు. ఇంకా కాసేపు నిలబడి వెనక్కి తిరిగాడు. మెట్లెక్కి వచ్చేసరికి రెండు కావస్తోంది.

"ఏమన్నాడు?" అంది మైనా.

కట్ కుర్చీలో కూలబడ్డాడు. "అడగలేకపోయాను. నన్ను చూడగానే, 'బాబూ, మీ పాట ఎన్నింటికి వేస్తారు? ఇవాళ నా డ్యూటీ హాలు తలుపు దగ్గరే, నేనూ చూడొచ్చా' అన్నాడు."

కట్ మౌస్ అందుకుని నీలం ముక్కని ఎంచుకుని తీసేశాడు. టైమ్‌లైన్‌లో నల్లటి ఖాళీ పడింది.

"ఇప్పుడు చెప్పండి," అన్నాడు. "పదకొండు సెకన్లు. ఎక్స్‌పోర్ట్‌కి పట్టే టైము పోను మిగిలిన అరగంటలో ఎవడు తీస్తాడు?"

స్టాండు నీళ్లు నమిలాడు. "ఒరే, కోప్పడనంటే ఒకటి చూపిస్తాను." ఫోన్ తీశాడు. కిందటి వారం ఇదే ల్యాబ్‌లో, మధ్యాహ్నం పూట, కట్ కీబోర్డు మీద చెంప ఆనించి నిద్రపోతున్నాడు. నోరు బార్లా తెరిచి ఉంది. పెదవి చివర సన్నగా జొల్లు. తెర మీద 'ఝ' అక్షరం ఒక పేజీ నిండా పడుతూనే ఉంది.

"ఎప్పుడు తీశావురా ఇది!"

"ఏడిపిద్దామని దాచుకున్నాను."

మైనా నవ్వాపుకోలేక పక్కకి తిరిగింది. కట్ ఆ వీడియోని రెండుసార్లు చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. ల్యాబ్ అక్క వైపు చూడకుండానే, "కేబుల్ ఇవ్వరా," అన్నాడు.

ఫోన్లో నిలువుగా తీసింది కాబట్టి తెరకి రెండు పక్కలా నల్లగా మిగిలింది. రంగు కలవలేదు. వేగం సరిపోలేదు. ఉన్నది ఎనిమిది సెకన్లే. మైనా పక్కన కూర్చుని పాడుతూ లెక్క చెబితే పదకొండుకి సాగదీశారు. రెండూ ముప్పై అయిదుకి ఎక్స్‌పోర్ట్ నొక్కారు. నలభై నిమిషాలు పడుతుందని చూపించింది.

మూడూ అయిదుకి, డెబ్బై ఎనిమిది శాతం దగ్గర అంకె ఆగిపోయింది. లోపలి ఫ్యాను విమానంలా మోగుతోంది.

"వేడెక్కిపోయింది," అంటూ ఆవిడ స్క్రూడ్రైవర్ తెచ్చి కంప్యూటర్ పక్క మూత ఊడదీసింది. తన బల్ల మీది ఫ్యానుని లాక్కొచ్చి నేరుగా లోపలికి గాలి కొట్టించింది. "ఎవరూ మౌస్ ముట్టుకోకండి. ఊపిరి కూడా అటు వదలకండి."

నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాల్లో మైనా గోళ్లన్నీ కొరికేసింది. డెబ్బై తొమ్మిది పడింది. ఎనభై. మూడూ ఇరవై నాలుగుకి పూర్తయింది. కట్ పెన్ డ్రైవ్‌లో వేసుకుని మెట్లు మూడేసి చొప్పున దూకుతూ పరుగెత్తాడు. మూడున్నరకి ఒక నిమిషం ముందు ఆపరేటర్ చేతిలో పెట్టాడు.

హాలు నిండిపోయింది. ముందు వరసలో ప్రిన్సిపాల్, జడ్జీలు, పక్కగా సూపర్‌వైజర్. వెనక తలుపు దగ్గర బాబాయ్. ల్యాబ్ అక్క ఆయన పక్కనే గోడకి ఆనుకుని నిలబడింది. నాలుగో వీడియో నడుస్తుండగా ఆవిడకి చటుక్కున గుర్తొచ్చింది. వెళ్లి చివరి వరసలో కూర్చున్న కట్ భుజం పట్టుకుంది.

"పొద్దుటిది పెన్ డ్రైవ్‌లోంచి తీసేశావా?"

కట్ తల అడ్డంగా ఊపాడు. "లేదక్కా. అది 'ఫైనల్'. దీనికి 'ఇదే ఫైనల్' అని పేరు పెట్టాను."

"ఆపరేటర్‌కి ఏది వెయ్యాలో చెప్పావా?"

"పెన్ డ్రైవ్ ఇచ్చేసి వచ్చాను..."

మాట పూర్తవకుండానే లేచాడు. ఆపరేటర్ గది హాలుకి అవతలి మూల. మధ్యలో జనం, కాళ్లు, సంచులు. అతను సగం దూరం వెళ్లాడో లేదో దీపాలు ఆరిపోయాయి. తెర మీద బస్సు కదిలింది. వాళ్ల పాట మొదలైంది.

మొదలు రెండింటిలోనూ ఒకటే. ఏది వేశాడో చెప్పడానికి లేదు. రెండో పల్లవి దాకా ఆగాల్సిందే. ఆవిడ తలుపు దగ్గరికి వచ్చేసింది.

"బాబాయ్, కాస్త మంచినీళ్లు తెచ్చిపెడతావా? తల తిరుగుతోంది."

"ఒక్క రెండు నిమిషాలు ఓర్చుకో తల్లీ," అన్నాడు ఆయన తెర మీంచి కళ్లు తిప్పకుండా. "మన పిల్లల పాటమ్మా. చూసి తెస్తాను."

బస్సులు వెళ్లాయి. సిగ్నల్ దీపాలు మారాయి. లాండ్రీ మిషన్లు తిరిగాయి. ఆవిడ ముందు వరసలో సూపర్‌వైజర్ తల వెనక భాగాన్నే చూస్తోంది. పాట నెమ్మదించింది. వాయిద్యాలన్నీ ఆగిపోయాయి. మైనా గొంతు ఒక్కటే, "కన్ను మూయని ఊరికి..."

ఆవిడ కళ్లు మూసుకుంది.

హాలంతా గొల్లున నవ్వింది.

కళ్లు తెరిచి చూస్తే తెర మధ్యలో సన్నటి నిలువు పట్టీ. అందులో కట్, నోరు బార్లా తెరుచుకుని, జొల్లుతో సహా. పక్కన పేజీ నిండా ఝలు. ఎవరో ఈల వేశారు. దారి మధ్యలో ఇరుక్కుపోయిన కట్ అక్కడే నేల మీద చతికిలబడి తల పట్టుకున్నాడు. బాబాయ్ కడుపు పట్టుకుని నవ్వి, కళ్లు తుడుచుకుని అన్నాడు:

"పాపం, ఎంత అలిసిపోయాడో పిల్లాడు. నిద్ర ఆపితే ఆగుతుందా అమ్మా?"

ఆవిడ నవ్వబోయింది. గోడ పట్టుకుని తలుపు దగ్గరి మెట్టు మీద కూర్చుండిపోయింది. నిజంగానే తల తిరుగుతోందనుకుని ఆయన గబగబా నీళ్లు తెచ్చాడు.

బహుమతి వేరే జట్టుకి వెళ్లింది. "అంత మంచి పాట మధ్యలో ఆ ఫోన్ వీడియో ఎందుకు పెట్టారయ్యా?" అని జడ్జి అడిగితే కట్ ఏమీ చెప్పలేదు. సాంకేతిక నాణ్యత కింద ఎనిమిది మార్కులు పోయాయి.

మర్నాడు పొద్దున్నే అతను ల్యాబ్‌కి వచ్చాడు. చేతిలో కెమెరా కార్డు. "అసలు షాటు ఇందులో ఉంది. స్టాండు కూడా తీసెయ్యమన్నాడు. మీ ముందే తీద్దామని వచ్చాను."

కార్డులోది, హార్డ్ డిస్క్‌లోది, పెన్ డ్రైవ్‌లోని పొద్దుటి వీడియో, అన్నీ వెతికి తీసేశాడు. ఆవిడ పక్కన కూర్చుని చూసింది.

"ఎనిమిది మార్కులక్కా," అన్నాడు చివరికి. "మీ మీద కోపం ఇంకా పోలేదు."

"ఉండనీ. ఉండాల్సిందే. నీ కష్టం అది."

"నిన్న మీతో ఒక మాట అన్నాను..."

"విన్నానులే," అందావిడ. "పద, టీ తాగొద్దాం. తొమ్మిదింటికి రెండో సంవత్సరం వాళ్లొస్తారు. వాళ్లొచ్చాక నాకు ఊపిరి తీసుకోవడానికి కూడా కుదరదు."

ఇద్దరూ మెట్లు దిగారు. గేటు దగ్గర బాబాయ్ కట్‌ని చూసి కుర్చీలోంచి సగం లేచి, "రా బాబూ, రా. కూర్చుంటావా? కునుకు తీస్తానంటే కుర్చీ ఇస్తాను," అన్నాడు.

కట్ ముందు తల దించుకున్నాడు. తర్వాత అతనికీ నవ్వొచ్చేసింది.