తప్పుల మేడం

మా నర్సింగ్ కాలేజీలో పిల్లలు ఆమెకు పెట్టిన పేరు తప్పుల మేడం. వెనకాల అనుకునే మాటే అయినా ఆమెకు తెలుసు, తెలిసి మురిసిపోయేది కూడా. మందు మోతాదు లెక్కలు ఆమె పాఠం. పక్క గదిలో నాది ఎముకల పాఠం. గోడ పల్చన కావడంతో నా క్లాసులో సగం ఆమె గొంతే వినపడేది. అలాంటి మనిషి పాఠం ఒక అమ్మాయి ఉద్యోగం మీదికి ఎలా వచ్చిందో చెప్పాలి.

ఆమె పద్ధతి ఒకటే. బోర్డు మీద లెక్క చేస్తూ చేస్తూ కావాలనే ఒక తప్పు వేసేది. వేసి, పిల్లల వైపు తిరిగి చేతులు కట్టుకుని నిలబడేది. ఎవరో ఒకరు “తప్పు మేడం!” అని అరిచేదాకా అంగుళం కదిలేది కాదు. “డాక్టరు రాసినా, నేను రాసినా, సూది పట్టుకునేది నువ్వు. అనుమానం రావాల్సింది నీకు,” అనేది. ఆమె భర్త అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతాడు. “మా ఇంట్లో కూరలో ఉప్పు లేకపోతే అది పొరపాటు కాదండీ, నాకు పరీక్ష,” అని అందరి ముందూ ఆమెను ఏడిపించేవాడు.

ఈ మనిషిని తీసుకెళ్లి కెమెరా ముందు నిలబెట్టారు.

యూనివర్సిటీకి కొత్తగా వచ్చిన పెద్దాయనకు పాఠాలన్నీ ఫోన్లలోకి ఎక్కించాలని బుద్ధి పుట్టింది. ఒక్కసారి చెప్తే చాలు, ఎన్నేళ్లయినా పనికొస్తుందని మీటింగులో ఊదరగొట్టాడు. పాఠమేమైనా బీరువాలో దాచుకునే నగా అని నేను గొణిగాను. గొణగడానికైతే మా స్టాఫ్ రూములో అందరమూ మొనగాళ్లమే.

పాత సామాన్ల గదికి స్పాంజి పలకలు అంటించి దాన్నే స్టూడియో అన్నారు. ఎదురుగా పిల్లలు లేరు, ఎర్ర లైటు ఉంది. చివరి లెక్కలో ఆమె అలవాటుగా తప్పు వేసింది. ఒక పాప బరువును బట్టి రోజు మొత్తానికి ఎంత మందో లెక్క కట్టి, దాన్ని మూడు పూటలకు పంచకుండా, అంతా తెచ్చి ‘పూటకు’ అని రాసింది. రాసి, చేతులు కట్టుకుని నిలబడింది. ఎవరంటారు? చాలాసేపటికి తనే నవ్వేసి, “ఎవరూ అనలేదే! ఇది రోజు మందు. పూట మందు ఇందులో మూడో వంతు,” అని దిద్దింది. ఆ సాయంత్రం నాతో, “ఎర్ర లైటుకి లెక్కలు రావే చెల్లీ,” అని నవ్వింది.

పాఠం రికార్డు చేసే ఆ యంత్రానికి ఒక గుణం ఉంది. మాట చాలాసేపు ఆగితే పాఠం అయిపోయిందనుకుని అక్కడికి కత్తిరించేస్తుంది. అలాగే కత్తిరించింది. ఆమె దిద్దిన ముక్క పోయింది, తప్పు మిగిలింది. వరసగా పాఠాలు ఎక్కించే హడావిడిలో స్టూడియో అతను చూడలేదు. సరిచూసి చెప్పమని ఆమెకూ పంపారు. తన గొంతు తను వినడం ఆమెకు మహా సిగ్గు. మొదట్లో కాస్త చూసి, బాగుందని నొక్కేసింది. ఆమె మీద నాకు ఈ రోజుకీ తగ్గని కోపం అదొక్కటే.

తర్వాత ఆమెకు క్లాసులు లేవు. పిల్లల అనుమానాలు తీర్చడానికి ఫోన్లోనే ఇంకో యంత్రం పెట్టారు. అది ఆమె పాఠంలో వెతికి, ఆమె గొంతుతోనే జవాబు చెప్తుంది. వాళ్లేం అడుగుతున్నారో నాకూ చూపించండని ఆమె రెండు మూడుసార్లు బతిమాలింది. “మీకు శ్రమ తగ్గించడానికే కదా మేడం పెట్టింది,” అన్నారు. ఆమెకు హాజరు పట్టీలు సరిచూసే పని ఇచ్చి కూర్చోబెట్టారు. చేపను ఒడ్డున పడేసినట్టయింది ఆమె పని.

కొన్నాళ్లకు ఒక వార్త వచ్చింది. మా దగ్గర ఆ ఫోన్ పాఠాలే చదివి పాసైన ఒక అమ్మాయి ఓ చిన్న ఆసుపత్రిలో, పిల్లల వార్డులో నర్సుగా చేరింది. ఒక పాపకు రోజు మొత్తం వేయాల్సిన మందును పూట పూటకూ ఎక్కించింది, వరసగా కొన్ని రోజులు. పాప బతికింది గానీ రెండు చెవులూ వినపడకుండా పోయాయి. లెక్క మీద చూడకుండా సంతకం పెట్టిన డాక్టరు చల్లగా తప్పుకున్నాడు. దాని మీద పెట్టిన విచారణలో తేలాల్సింది ఆ అమ్మాయి పేరు నర్సుల రిజిస్టరులో ఉంటుందా, కొట్టేస్తారా అని. కొట్టేస్తే జన్మలో మళ్లీ ఏ రోగి మంచం దగ్గరా నిలబడలేదు.

రోజు, పూట అన్న మాటలు చెవిన పడగానే మేడం ముఖం పాలిపోయింది. పాఠం తెరవమంది. ఇద్దరం పక్కపక్కన కూర్చుని చూశాం. తెర మీద ఆమె ‘పూటకు’ అని రాసి ఇటు తిరిగింది. అంతే, అయిపోయింది. “నా నోరు నొక్కేశారు కదే,” అని ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది.

విచారణకు ఆమెను ఎవరూ పిలవలేదు. తనే వెళ్లింది, తోడుగా నేనూ వెళ్లాను. బల్ల ముందు నిలబడి, “తప్పు నాదండీ. నేను చెప్పినట్టే ఆ పిల్ల చేసింది,” అంది.

“చూసి బాగుందన్నది మీరే కదమ్మా,” అన్నాడు యూనివర్సిటీ తరఫు వకీలు.

విచారణ పెద్ద ఆ అమ్మాయి వైపు తిరిగాడు. “నీకు కనీసం అనుమానం కూడా రాలేదా?”

“వచ్చిందండీ,” అంది ఆ అమ్మాయి. “చదువుకునేటప్పుడే వచ్చింది. మూడుతో భాగించలేదేంటి, తప్పు కదా మేడం అని ఫోన్లో అడిగాను. తప్పు కాదు, పూటకు ఇంతేనని మేడం గొంతే చెప్పింది. పాప దగ్గరా వచ్చిందండీ. సిరంజి ట్రేలో పెట్టి, ఫోన్ తీసి, మళ్లీ ఆ పాఠమే చూశాను.”

“అంటే అనుమానం వచ్చి కూడా ఇచ్చావన్నమాట,” అంటూ ఆయన రాసుకున్నాడు. నిజం చెప్పినందుకు ఆ పిల్లకు దక్కింది అదే. అక్కడికక్కడే పేరు కొట్టేశారు.

బయట వరండాలో మేడం ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకుంది. “నువ్వు పట్టుకున్నావమ్మా. ఎవరూ లేని గదిలో నేను వేసిన తప్పు నువ్వొక్కదానివే పట్టుకున్నావు. నువ్వన్నదే కరెక్టు తల్లీ.”

ఆ అమ్మాయి మెల్లగా చేతులు విడిపించుకుంది.

“ఈ మాట నేనడిగినప్పుడే అనుంటే పాపకి ఇవాళ వినపడేది మేడం,” అంది.