తిమ్మప్ప అయ్యవారు ఆపించిన బావి

గార్లదిన్నెకు పోయిన తిమ్మప్ప అయ్యవారు అక్కడే పరమపదించారని మొన్న ఆ ఊరి బస్సు దిగినవారెవరో చెబితే నేను నమ్మలేదు. ముందురోజే నాతో పోట్లాడిన మనిషి! గుండె ఆగిందట. ఇరువురమూ ఒకే బడిలో చిరకాలం పనిచేశాం. ఆయన భూగోళం, నేను తెలుగు. ఇప్పుడాయన గురించి రాయమంటే ఏమి రాయాలో పాలుపోవడం లేదు.

ఆ మహానుభావునికి దక్షిణధ్రువ యాత్రలంటే ప్రాణం. ధ్రువాన్ని చేరినవారి పాఠం ఒక్కపూటలో ముగించేవారు. వారికంటే మునుపు బయలుదేరి, గమ్యం కొన్నాళ్ళ నడకలో ఉండగా తిండి చాలక తనవారితో వెనుదిరిగిన నాయకుని కథ మాత్రం వారం చెప్పి, నా పద్యాల గంట కూడా మింగేసేవారు. "ధ్రువం యాడికీ పోదప్పా, పోయేది మనుషులే" అనేవారు.

మంచు ఎరుగని పిల్లలకు చూపాలని ఒక ఎండాకాలం అనంతపురం సోడా అంగడి నుంచి ఐసుగడ్డ తెచ్చారు. బడి చేరేసరికి తడిసిన గోనెసంచి, రంపపు పొట్టు మిగిలాయి. ఆ సంచి మీదే పిల్లల అరచేతులు పెట్టించి, "ధ్రువం కాడ దీనికంటే చలప్పా, ఇంగా చలి" అన్నారు. నేను పగలబడి నవ్వాను. ఆయన నవ్వలేదు.

ఒక కరువు ఏట మా ఊళ్ళో తాగునీటికి బావి తలపెట్టారు. అరచేతిలో టెంకాయ పెట్టుకుని నీటిజాడ చూసేవాడు చూపినచోట పూజచేసి, పెత్తనం అయ్యవారికి అప్పగించారు. బండకు మందుపెట్టి పేల్చగా పేల్చగా అడుగున తడిమన్ను తగిలింది. ఆడవాళ్ళు బిందెలతో వచ్చి నిలుచున్నారు. అప్పుడే అయ్యవారు బావి దరిలో, తవ్వేవాళ్ళ తలల పైనున్న పక్కగోడలో, ఒక పగులు చూశారు.

"అందరూ పైకి రాండప్పా!"

"తడి తగిలిండాది సారూ, ఇంకొక్క దినం!" అని లోపలినుంచి అరిచాడు తవ్వేవాళ్ళ పెద్ద ఓబులేసు.

"దరి పగిలిండాది. వస్తావా, నన్నే దిగి రమ్మంటావా?"

తిట్టుకుంటూ ఎక్కారు. మళ్ళీ ఎవరినీ ఆయన దిగనివ్వలేదు. ఆ దరి మాత్రం నేటికీ కూలలేదు! దాంతో ఊరు ఆయనను పిరికివాడని తేల్చేసింది. ఆయన భార్య నరసమ్మగారు సైతం దూరపు బావికి బిందెతో పోతూ, "ఆ దరి యాపొద్దు కూలుతాదో మీ అయ్యవారిని అడిగి చెప్పన్నా" అనేవారు. అడిగితే, "నాకూ తెలీదప్పా" అన్నారాయన, చాలా దిగులుగా.

అది వివేకమా, భయమా? ఒకనాడు ఇదనిపిస్తుంది, ఒకనాడు అదనిపిస్తుంది. ఆయన బతికున్నప్పుడే తేల్చుకోవలసిన మాట అలాగే మిగిలిపోయింది.

అంతిమయాత్రకు ఓబులేసు వచ్చాడు. బావి ఆగిన నాటినుంచి ఆయనతో మాటలు మానినవాడు, ఎవరూ పిలవకుండానే పాడెకు భుజం పట్టాడు. ఉండబట్టలేక అడిగాను, "ఇంతకీ ఆడ నీళ్ళుండెనా ఓబులేసూ?"

"యాడ తెలుస్తాది సామీ? ఆయప్ప మీద నాకు ఇంగా కోపమే. అయినా మోసేకి నేనుండాను గదా" అంటూ కళ్ళు తుడుచుకున్నాడు.

మిత్రమా తిమ్మప్పా, నిన్ను పూర్తిగా అర్థం చేసుకోలేకపోయాను. నీవంటివాడు ఈ ఊరికి మళ్ళీ దొరకడు. కన్నీటితో చేతులు జోడిస్తున్నాను.