మా మైకు మామయ్య

మా మేనమామకి దేవుడితో నెమ్మదిగా మాట్లాడడం చేతకాదు. లోకంలో అందరూ కళ్ళు మూసుకుని, పెదవులు కదిపీ కదపకుండా ప్రార్థన చేసుకుంటారు. మామయ్య మాత్రం కళ్ళు బార్లా తెరుచుకుని, పక్కన నిలబడ్డ మనిషితో మాట్లాడినట్టు, వీధి చివరికి వినబడేలా మాట్లాడతాడు. అందుకే చుట్టుపక్కలవాళ్ళు ఆయనకి మైకు అని పేరు పెట్టేశారు. అలా పిలిస్తే పలుకుతాడు కూడా.

కుళాయిలూ పైపులూ బాగుచేయడం ఆయన పని. ఒకసారి ఎవరింట్లోనో వంటగది సింకు కింద దూరి, "ప్రభువా, ఈ నట్టు తుప్పు పట్టింది, కాస్త కనికరించు. అదీ, అలా రానీ," అంటున్నాడట. పనికి ఇద్దరొచ్చారనుకుని ఆ ఇంటావిడ రెండు కప్పుల టీ పట్టుకొచ్చింది. మామయ్య ఒకటి తాగి, "ఆయన తాగరండి," అని రెండోదీ తాగేశాడు.

ఇక చర్చిలో సంగతి చెప్పక్కర్లేదు. పాస్టరుగారు మౌన ప్రార్థన అన్నారంటే మా అత్తయ్య గుండెల్లో రాయి పడేది. ఇంటి గుట్టంతా అక్కడే రట్టయ్యేది. ఆవిడ మోకాళ్ళ నొప్పి, పెద్ద కూతురికి లెక్కలు రాకపోవడం, ఏదీ దాగేది కాదు. డాక్టరు వద్దన్నా వంటింట్లో దొంగతనంగా చక్కెర బుక్కుతున్నానని ఓ ఆదివారం మామయ్య ప్రభువు ముందు ఒప్పుకున్నాడు. దేవుడు క్షమించాడో లేదో గానీ అత్తయ్య మాత్రం క్షమించలేదు. మర్నాటికల్లా చక్కెర డబ్బా అల్మారాలోకి పోయి తాళం పడింది.

దేవుడికి చెవుడు లేదని పాస్టరుగారు ఓపిగ్గా నచ్చజెప్పి చూశారు. మామయ్య వినయంగా తలూపాడు. "ప్రభువా, నీకు చెవుడు లేదని పాస్టరుగారు చెప్తున్నారు," అని అక్కడికక్కడే గట్టిగా విన్నవించుకున్నాడు.

మా పాపకి నాలుగేళ్ళప్పుడు గుండెలో రంధ్రం ఉందన్నారు, ఆపరేషన్ తప్పదన్నారు. ఆపరేషన్ రోజు ఉదయం పిల్లని మత్తిచ్చే గదిలోకి తీసుకెళ్ళి తలుపు మూశారు. ఆ తలుపు పక్కనే, నిశ్శబ్దం పాటించాలన్న బోర్డు కింద, నేనూ మా ఆవిడా కూర్చున్నాం. ప్రార్థన చేద్దామంటే నాకు నోట మాట రాలేదు. అసలు వినేవాడు ఉన్నాడా అనిపించింది. నా బతుకులో అంత ఒంటరితనం నేనెరగను. అంతలో మామయ్య పని మధ్యలో వదిలేసి, భుజాన రెంచీల సంచితో సహా వచ్చాడు. వచ్చీ రాగానే మొదలెట్టాడు.

"ప్రభువా, లోపలే ఉన్నావు కదా. పిల్ల మంచం దగ్గరే ఉండు. డాక్టరుగారి చెయ్యి పట్టుకో. వద్దులే, పట్టుకుంటే ఆయన పనెలా చేస్తాడు, పక్కన నిలబడు చాలు."

నర్సు ఆ గదిలోంచి పరుగున వచ్చి నోటి మీద వేలు పెట్టుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఇక్కడ కూడానా మామయ్యా? మనసులో అనుకుంటే ఆయనకి వినబడదా?"

మామయ్య నా పక్కన కూర్చున్నాడు. నాకు బుద్ధి తెలిశాక ఆయన గొంతు అంతగా తగ్గడం అదే మొదటిసారి.

"ఆయనకెందుకు వినబడదురా. నీకు వినబడాలనే అంటున్నా. భయంలో ఉన్నవాడికి ఆయన పక్కనే ఉన్నాడన్న సంగతి గుర్తుండదు. నీకు నోరు పెగలట్లేదు కదా, నీ వంతు కూడా నేనే అంటాను. నువ్వు ఊరికే విను."

ఇన్నేళ్ళూ ఆ గోలంతా పక్కవాళ్ళ కోసమేనని నాకు అప్పుడు తెలిసింది. ఏడుపు ముంచుకొచ్చింది. ఎదురు కుర్చీలో పెద్దాయన ఒకరు కాస్త ముందుకు వంగి, తన భార్య కూడా లోపలే ఉందనీ, ఆవిడ గురించి కూడా ఓ మాట చెప్పమనీ మామయ్యని అడిగాడు. మామయ్య చెప్పాడు. నెమ్మదిగానే చెప్పాడు, అంటే రెండు గదుల అవతలికి మాత్రమే వినబడేంత నెమ్మదిగా.

మధ్యాహ్నం డాక్టరుగారు బయటికొచ్చి అంతా బాగా జరిగిందన్నారు. ఆయన వెనకాలే వచ్చిన నర్సు మామయ్య కేసి వింతగా చూసింది.

"మత్తిచ్చేముందు పాప అసలు ఏడవలేదండి. భయం వెయ్యట్లేదా అని అడిగాను. 'బయట తాతయ్య అరుస్తున్నాడుగా, దేవుడు ఎక్కడికీ పోడు' అంది."

మామయ్య ప్రభువుకి కృతజ్ఞతలు చెప్పబోయాడు. ఈసారి ఆయనకే నోరు పెగల్లేదు. ఆయన వంతు నేనే అందుకున్నాను. ఎంత గట్టిగా అన్నానో నాకు తెలియదు గానీ, నర్సు మళ్ళీ నోటి మీద వేలు పెట్టుకుంది, ఈసారి నా వైపు తిరిగి.